ఆగని కారుకు ఒక సవరణ

నా భార్య పోయి నెల కావస్తోంది. ఉదయం ఎనిమిదింటికి కాఫీ గ్లాసులు కడుగుతూ వంటింట్లో అలాగే కూర్చుండిపోయింది. నేను కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. డాక్టరుగారు వచ్చేసరికి అంతా అయిపోయింది. గుండె అన్నారు. ఆవిడకు నలభై నాలుగేళ్ళు. మాకు పిల్లలు లేరు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. "పసుపు కుంకుమలతో పోయింది. అదృష్టవంతురాలు." నేను తల ఊపాను.

ఈ పత్రిక పాఠకులకు ఆవిడ తెలియదు. మా కారు తెలుసు. నాలుగేళ్ళ క్రితం ఇందులోనే 'ఆగని కారు' అని ఒక వ్యాసం రాశాను. పాత కారు అయినా ఇన్నేళ్ళలో దారి మధ్యలో నన్ను దించలేదని, మనుషుల కంటే నమ్మకమైనదని రాశాను. అది తప్పు. ఆవిడ గురించి రాయాలంటే ముందు ఆ తప్పు దిద్దుకోవాలి.

యాభైల మొదట్లో, గుంటూరు వదిలి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక పొగాకు కంపెనీ దొర ఆ కారు అమ్మకానికి పెట్టాడు. నల్లది, నాలుగు తలుపులది, అప్పటికే పాతది. లెక్చరరు జీతానికి అందే వస్తువు కాదు. సత్తెనపల్లి దగ్గర ఆవిడకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఎకరన్నర పత్తి చేను ఉండేది. అది అమ్ముదామని ఆవిడే అంది. నేను రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి అనలేదు.

ఆ తర్వాత నేనెప్పుడు 'నా కారు' అన్నా, "మీ కారెక్కడిదండీ, అది నా చేను" అనేది. నలుగురిలోనూ అనేది. అందరూ నవ్వేవారు. నాకు కొంచెం కష్టంగా ఉండేది.

నేను ఫిజిక్సు చెబుతాను. ఇంజను బొమ్మ బోర్డు మీద చూడకుండా వేయగలను. నీళ్ళు ఎందుకు వేడెక్కుతాయో, ఎలా చల్లబడతాయో గంటసేపు చెప్పగలను. కారు బానెట్ మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. దానికి మేస్త్రి ఉన్నాడు. మాకు నాలుగు వీధుల అవతల ఆయన రేకుల షెడ్డు. ఆదివారం చర్చికి తెల్లచొక్కా తొడుక్కుని వెళ్ళేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయన చొక్కా ఏ రంగుదో ఎవరికీ తెలియదు. "అయ్యగారు బోర్డు మీద నడుపుతారు, నేను రోడ్డు మీద నడిపిస్తాను" అనేవాడు. నా భార్య ఆ మాటకు పడీ పడీ నవ్వేది.

కారు నిజంగా ఆగింది ఒకసారే. కొన్న మూడో ఏడు, నల్లపాడు రైల్వే గేటు దగ్గర. సత్తెనపల్లి నుంచి వస్తున్నాం. గేటు వేసి ఉంది. రైలు వెళ్ళింది, గేటు ఎత్తారు, కారు కదలలేదు. ముందు నుంచి ఆవిరి వస్తోంది. వెనక మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఘాటుకు అందరికీ దగ్గు.

"ఒరేయ్, ఎవుడ్రా ఆ డొక్కుబండి! పక్కకు లాగండెహె!"

"కారురా అది."

"కారైతే కదలదేంట్రా? మాస్టారూ, మా ఎద్దును కట్టమంటారా? మేత మీదే!"

నిజంగానే ఎద్దును కట్టారు. గేటు అవతలి దాకా లాగారు. ఆ బళ్ళవాళ్ళలో ఒకడి కొడుకు నా క్లాసులో ఉన్నాడు. మర్నాడు నేను పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీలో ఎవరో ఎద్దులా అరిచారు.

ఇంటికి వచ్చి అన్నాను. "ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే అమ్మేస్తాను. పరువు పోయింది." ఆవిడ పీట వేసింది. అన్నం వడ్డించింది.

ఆ తర్వాత కారు ఆగలేదు. పన్నెండేళ్ళు. నా మాటకు భయపడిందని నేనే స్నేహితుల దగ్గర హాస్యమాడేవాణ్ణి.

ఆ పన్నెండేళ్ళలో ఆవిడకు కొన్ని అలవాట్లు వచ్చాయి. ఏ ప్రయాణమైనా బయలుదేరే ముందు కారుకు పసుపు రాసి బొట్టు పెట్టేది. అందుకని ముందు సీటు కింద ఒక పసుపు డబ్బా ఉండేది. ఫిజిక్సు చెప్పేవాడి కారుకు బొట్టేమిటని ఎగతాళి చేసేవాణ్ణి. "మీరు లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకు రండి, మీకు కనిపించకుండా పెట్టుకుంటాను" అనేది. నేను వెళ్ళేవాణ్ణి.

తెల్లవారకముందే కారు కింద కడిగేది. కారు నిలిపే సిమెంటు గచ్చు మీద, చక్రాల మధ్య ముగ్గు వేసేది. "కారు కింద ముగ్గేమిటోయ్, ఎవరు చూస్తారు?" అంటే, "నా చేను అక్కడ నిలబడి ఉంది కదండీ" అనేది. గచ్చు తడిగా ఉండేది. కడిగింది కాబట్టి తడిగా ఉందనుకున్నాను.

దారిలో ఆపమనేది. పది మైళ్ళకోసారి, ఈ ఏడాదైతే అయిదు మైళ్ళకే. తమలపాకులు కావాలి, దాహం వేస్తోంది, ఎవరో తెలిసినావిడలా ఉంది. "మీరు వెళ్ళి టీ తాగి రండి. పేపరు కూడా తీసుకెళ్ళండి." ఆవిడకు ప్రయాణం పడదనుకున్నాను. ఒకసారి ఆ మాట అంటే, "ఆగడం వేరండీ, ఆపడం వేరు" అంది. ఆ మాట బాగుందని వ్యాసంలో వాడుకున్నాను. ఆవిడదని రాయలేదు.

కుడి మణికట్టు మీద ఆవిడకు ఒక కాలిన మచ్చ ఉండేది. బూరెలు వండుతుంటే నూనె చిమ్మిందని చెప్పింది. మా ఇంట్లో ఆ నెల బూరెలు వండలేదు. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

వ్యాసం వచ్చాక కార్లున్నవాళ్ళు కొందరు ఉత్తరాలు రాశారు. చీరాల చీరల వ్యాపారి ఒకాయన, తమ కారు మంగళగిరి చేరేలోపు మూడుసార్లు ఆగుతుందని, లోపల చీరలు, బయట తాము, తోయడానికి దారినపోయేవాళ్ళు అని రాసి, మీ కారు రహస్యం ఏమిటని అడిగాడు. నా భార్య ఆ ఉత్తరం పైకి చదివి చాలాసేపు నవ్వింది. నేను సమాధానం రాశాను. క్రమశిక్షణ, మితమైన వేగం, యంత్రం మీద గౌరవం. ఆవిడే తీసుకెళ్ళి పోస్టులో వేసింది.

ఆ వ్యాపారి ఈ స్మృతి చదువుతుంటే, నన్ను క్షమించాలి.

ఆవిడ పోయిన అయిదో రోజున అస్థికలు తీసుకుని వాడరేవుకు బయలుదేరాను. కృష్ణలో కలపమన్నారు పెద్దలు. ఆవిడకు సముద్రం ఇష్టం. వెనక సీట్లో కుండ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ తమ్ముడు కూర్చున్నాడు. ఎక్కడా ఆగలేదు. ఆపమనేవాళ్ళు లేరు.

పొన్నూరు దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. దిగాను. జీవితంలో మొదటిసారి బానెట్ ఎత్తాను. తువ్వాలు చుట్టి రేడియేటరు మూత తిప్పాను. నీళ్ళు ఎగజిమ్మి తువ్వాలు మీద, చొక్కా మీద పడ్డాయి. పచ్చగా ఉన్నాయి. తుప్పు అనుకున్నాను. వాసన తుప్పుది కాదు. ఉడికిన పసుపు. ఆవిడకు పసుపు రాసి చివరి స్నానం చేయించినప్పుడు ఇంటి నిండా ఉన్న వాసన.

బావమరిది కుండ పట్టుకునే దిగి వచ్చాడు.

"నీళ్ళు పోయకుండా బయల్దేరారా బావగారూ?"

"ఇదేమిటి ఇందులో?"

"పసుపు. రేడియేటరు కారుద్దిగా. పసుపు వేస్తే చిల్లులు పూడతయ్. ఆ సీటు కింద డబ్బా తీయండి. రెండు చెంచాలేసి నీళ్ళు పోస్తే వాడరేవు దాకా పోద్ది."

"నీకెవరు చెప్పారు?"

"అక్కయ్యేగా. మా ఊళ్ళో అందరికీ తెలుసు." కుండ సర్దుకుని అన్నాడు. "మీకు తెలియదని కూడా అందరికీ తెలుసండీ."

దగ్గర్లో కాలువ ఉంది. ఇంజను చల్లారాక నీళ్ళు తెచ్చాను. పసుపు నేనే వేశాను. వాడరేవులో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు మా చేతిలో కుండ చూసి పని ఆపి లేచి నిలబడ్డారు. అస్థికలు కలిపేటప్పుడు నా చేతివేళ్ళు పచ్చగా ఉన్నాయి. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మర్నాడు అదే చొక్కాతో మేస్త్రి షెడ్డుకు వెళ్ళాను. ఆయన నా చొక్కా మీద మరకలు చూశాడు. స్టూలు తుడిచి వేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నల్లపాడు గేటు కాడ్నుంచయ్యా. కొత్త రేడియేటరు దొరకదు. అమ్మేస్తామన్నారంట కదా మీరు. అమ్మగారు నడుచుకుంటా వచ్చి ఈడే కూర్చున్నారు. ఏం చేస్తే నడుస్తదో నేర్పమన్నారు. నేర్పాను."

"నాకు చెప్పాలని అనిపించలేదా?"

"ఒట్టేయించుకున్నారయ్యా. బైబిలు తెమ్మంటారేమో అనుకున్నా. స్టీరింగు మీద చెయ్యెట్టమన్నారు."

నా గొంతు పెరిగింది. పరాయివాళ్ళ ముందు నేను అలా మాట్లాడను. "ఈ ఏడాది అయిదేసి మైళ్ళకు ఆపించింది. అంత పాడైపోయిన కారులో ఇద్దరూ కలిసి నన్ను తిప్పారా?"

మేస్త్రి నూలు పీచు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఈ ఏడు కారు కోసం అన్నిసార్లు ఆపక్కర్లేదయ్యా. పోయిన ఎండాకాలమే రేడియేటరు చిల్లుకు మాటేశాను. పొద్దున్నే ఒకసారి నీళ్ళు పోసుకుంటే వాడరేవు పోయి రావచ్చు."

"మరి?"

"ఆయాసం వచ్చేది. అమ్మగారికి."

షెడ్డు బయట పత్తి బోరాల లారీ ఒకటి వెళ్ళింది. తర్వాత ఆయన మిగతాది చెప్పాడు. గ్రీజు కొట్టించాలని నాతో చెప్పి ఆవిడ నెలకో గురువారం కారు షెడ్డుకు పంపించేది. ఆ పూట మేస్త్రి ఆవిడను ఎక్కించుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేవాడు. గుండె బలహీనంగా ఉందన్నారు. ఎక్కువ తిరగొద్దన్నారు. ఏడాదిన్నరగా.

"చెప్పెయ్యమ్మా అని రెండుసార్లు మొత్తుకున్నానయ్యా. 'ఆయనకు చెబితే నన్ను కూడా ఓ మూల కూర్చోబెడతారు మేస్త్రీ, నడిచినన్నాళ్ళు నడవనీ' అన్నారు."

ఇంటికి నడిచి వచ్చాను.

ఇలాంటి వ్యాసాల్లో కృతజ్ఞత చెప్పుకోవడం మర్యాద. నాకు కృతజ్ఞత లేకపోలేదు. కానీ అది రెండో వరసలో ఉంది. ముందు వరసలో ఉన్నది ఇది: పన్నెండేళ్ళు మా ఇంట్లో రెండు సంసారాలు నడిచాయి, ఒకటి నాకు తెలియదు. బాగానే ఉన్నానండీ అని ఆవిడ రోజూ అనేది. ఎన్ని రోజులు నిజంగా బాగుందో లెక్కతేల్చుకోలేకపోతున్నాను. కాలిన చేతిది అబద్ధం. గ్రీజుది అబద్ధం. తమలపాకులూ అబద్ధమే, మా ఇంట్లో ఎవరం తాంబూలం వేసుకోం. అయినా ఆ ఆకులు ఎవరికని ఒక్కసారి అడగలేదు. ఉత్తరం చదివి నవ్వింది ఎవర్ని చూసి?

కిందటి శీతాకాలం బాపట్ల దగ్గర ఆపించింది. నేను టీ తాగి వచ్చేసరికి మడ్‌గార్డుకు ఆనుకుని, ఒక చెయ్యి బానెట్ మీద వేసి నిలబడి ఉంది. "ఇంత ఓపిక లేకపోతే ఎలా?" అన్నాను. "మీ టీ అయిందా?" అంది. తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. నేను తీయలేదు.

తెలిసి ఉంటే నేనేం చేసేవాణ్ణి? కారు అమ్మేవాణ్ణి. ఆవిడను మంచం మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఇంకో ఏడాది బతికేదేమో. ఆ ఏడాది ఇవ్వకుండా పోయిందన్నది నా ఫిర్యాదు. దానికి సమాధానం కూడా ఆవిడ ముందే చెప్పి వెళ్ళింది, అదీ నాతో కాదు, మేస్త్రితో.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. నన్ను మోసం చేయడం ఆవిడకు కష్టం కాలేదు. నేను ఏ రోజు బానెట్ ఎత్తినా తెలిసిపోయేది. ఎత్తనని ఆవిడకు నమ్మకం. కారు మీద నాకున్న నమ్మకం కంటే అది గట్టిది. ఒక్కసారి కూడా తప్పలేదు.

మేస్త్రి నిన్న ఇంటికి వచ్చాడు. ఒంగోలులో ఎవరిదో పాత కారు విప్పుతున్నారట, రేడియేటరు బాగుందట, తెచ్చి వేస్తానన్నాడు. చూద్దాం అన్నాను. వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి, "నా మీద కోపం పోలేదు కదయ్యా" అన్నాడు. పోలేదన్నాను. తల ఊపి వెళ్ళాడు.

ఈ ఉదయం లేచి గచ్చు కడిగాను. ముగ్గు వేయడం నాకు రాదు. కడిగిన చోట ఎండ పడి ఆరింది. బానెట్ ఎత్తి నీళ్ళు పోశాను, మూత బిగించాను, పక్కనే నిలబడ్డాను. కాసేపటికి కారు కింద ఆరిన సిమెంటు మీద ఒక చుక్క పడింది, పచ్చగా. తర్వాత దాని పక్కన ఇంకోటి. ముగ్గు కోసం పెట్టినట్టు వరసగా పడుతున్నాయి. గీత కలిపే చెయ్యి లేదు.