డోలీనా ఇంటికి ఆదివారం వచ్చిన మీటరు

స్కాట్లాండులోని లూయిస్ దీవిలో సముద్రపు గాలికి ఎదురొడ్డి నిలబడ్డ చివరి ఇల్లు డోలీనా మెక్‌స్వీన్‌ది. తల్లి పోయాక మగ్గం మీద ఉన్ని నేసి తమ్ముడు టోర్క్విల్‌ని పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని టీ ఇచ్చి సాగనంపింది. ఇప్పుడామెకి డెబ్భై ఎనిమిది. టోర్క్విల్‌కి ఊపిరితిత్తులు పాడై రెండేళ్ళు. గది వెచ్చగా ఉన్నన్నాళ్ళే అతను ఇంట్లో ఉంటాడనీ, లేకపోతే స్టోర్నోవే పట్నంలోని వృద్ధాశ్రమానికి పంపాల్సిందేననీ నర్సు మొహం మీదే చెప్పింది.

పొగ పడదని పొయ్యి ఎప్పుడో మూసేశారు. మిగిలినవి లోపల ఇటుకలు పేర్చిన కరెంటు హీటర్లు. రాత్రి చౌక కరెంటుకి ఇటుకలు కాగి, పగలంతా ఆ వేడిని వదుల్తాయి. ఎప్పుడు కాగాలో గోడమీది పాత మీటరు చెప్తుంది, దానికి దూరం నుంచి వచ్చే ఒక రేడియో సంకేతం చెప్తుంది. ఆ సంకేతం ఆపేస్తున్నాం, మీటరు మార్చుకోమని కంపెనీ ఉత్తరం రాసింది. డోలీనా ఆరోజే ఫోను చేసింది. మొదటిసారి మీటరు మనిషి రావాల్సిన ఓడ గాలికి రాలేదు. రెండోసారి మనిషి వచ్చాడు గానీ వేరే రకం మీటరు తెచ్చాడు. మూడోసారి ఆదివారం వస్తామన్నారు.

ఆదివారం దేవుడి రోజు, ఏ పనీ చెయ్యకూడదు; ఆనాడు మా దీవిలో ఉతికిన గుడ్డ కూడా తీగ మీద కనబడకూడదు. డోలీనా మరో రోజు చూడమంది. అయితే ఆరు వారాలాగాలన్నారు. అవతలి గదిలో టోర్క్విల్ దగ్గుతున్నాడు. సరేనంది.

ఆ ఆదివారం పన్నునొప్పి అని చెప్పి చర్చి మానేసింది. మీటరు మనిషి గ్రెగర్ చేత, పొయ్యిలో కాల్చడానికని ఎప్పుడో కోసి పేర్చిన పీట్ మట్టిగడ్డల కుప్ప వెనక వ్యాను పెట్టించింది. సుత్తి మెల్లగా కొట్టమంది. ఒకటీ పదికి కొత్త మీటరు వెలిగింది.

"హీటర్ల లైను విడిగా చూడాలమ్మా. ఇంకో ముప్పావుగంట పడుతుంది."

ఒకటిన్నరకి చర్చి వదులుతారు. చర్చి ఈ ఇంటికి అవతలే; జనమంతా ఈ గుమ్మం ముందునుంచే ఊళ్ళోకి పోవాలి.

"వెలుగుతోందిగా, చాల్లే బాబూ. స్కోన్ రొట్టెలు పొట్లం కట్టాను, దారిలో తిను."

అతను రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె వ్యాను దాకా తోసుకెళ్ళినంత పని చేసింది.

మర్నాడు హీటర్లు చల్లటి రాళ్ళలా ఉన్నాయి. ఫోను చేస్తే, పని పూర్తయినట్టు రాసుంది, మళ్ళీ రావాలంటే మూడు వారాలన్నారు. అరువు తెచ్చిన చిన్న హీటరు ఆ గాలి ముందు ఏ మూలకీ చాల్లేదు. నాలుగోరోజుకి టోర్క్విల్ పెదాలు నీలంగా మారాయి. నర్సు వచ్చి హీటరు మీద చెయ్యి పెట్టి చూసి, ఆశ్రమానికి ఫోను చేసింది.

ఆశ్రమానికి బయల్దేరేముందు డోలీనా కోటు గుండీలు పెడుతుంటే టోర్క్విల్ అడిగాడు. "చర్చి మానేసింది నాకోసమేనా అక్కా?"

"పన్ను నొప్పిరా."

"నీ పళ్ళు గ్లాసులో ఉంటాయి కదే. నొప్పి గ్లాసుకా?"

డోలీనా నవ్వలేదు. పై గుండీ పెట్టింది.

ఆ వారమే పక్కింటి ఎఫీ సూపు గిన్నె పట్టుకొచ్చింది. జరిగిందంతా విని గొంతు తగ్గించింది. "మా మీటరు కూడా ఆదివారమే పెట్టారే, పోయిన నెల. వ్యాను గొర్రెల కొట్టంలో దాచాను. చర్చికి రాలేదేమని అందరూ అడిగితే జలుబని చెప్పాగా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఒక్క ఆదివారమూ చర్చి తప్పని నీలాంటి దానికి ఎలా చెప్పను? నా మొహం చూడటం మానేస్తావనుకున్నా."

డోలీనా సూపు ముట్టలేదు.

మూడోవారం ఇంకొకతను వచ్చి, కోటైనా విప్పకుండా పది నిమిషాల్లో ఒక్క తీగ కలిపి పోయాడు. అయినా టోర్క్విల్‌ని తిరిగి ఇంటికి పంపడానికి నర్సు ఒప్పుకోలేదు. ఆశ్రమంలో ఉక్కపోస్తోందనీ, కిటికీ తియ్యమంటే తియ్యడం లేదనీ టోర్క్విల్ ఫోనులో విసుక్కుంటాడు. ఇక్కడ అతని గదిలో హీటరు రోజంతా కాగుతూనే ఉంది. ఖాళీ గదికి వేడెందుకు, ఆపెయ్యమని ఎఫీ అంటుంది. డోలీనా ఆపదు. పొద్దున్నే వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి చూసి, తలుపు దగ్గరగా వేసి వస్తుంది.