హుసేనయ్య తోకబండికి పట్టిన గాలి

ఆత్మకూరు దాటినాక రోడ్డు మలుపులో, తుమ్మకంప నింపుకొని పోతున్న ఎద్దులబండికి అడ్డంగా జీపు ఆపాడు హుసేనయ్య. చొక్కా విప్పి ముందుసీటు మీదికి విసిరేసి, రోడ్డు నడిమధ్యన నిలబడ్డాడు. చొక్కా వచ్చి వెంగమ్మ ఒళ్ళో పడింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చచ్చిన ఎలుకను పారేసినట్టు పక్కకు పారేసింది. టూరింగు టాకీసులో ఆడవాళ్ళ గేటు కాడ టిక్కెట్లు చించే పనికి కుదిరాక ఆమెకు అదే మొదటి ప్రయాణం. మొదటి ప్రయాణంలోనే డ్రైవరు చొక్కా విప్పితే ఏ ఆడమనిషికైనా అనుమానం వస్తుంది.

"ముళ్ళు రాలస్తా పోతా ఉండావే, ఇది రోడ్డనుకున్నావా, నీ దొడ్డనుకున్నావా?" అని అరిచాడు హుసేనయ్య.

బండి మీద ఉన్నది పెంచలనరసయ్య. ఆ చుట్టుపట్ల పదిమందిలో మాట చెల్లే ఆసామి. తలపాగా సర్దుకుంటూ, "ఏడుండాయిరా ముళ్ళు? నీ కండ్లలో ఉండాయేమో చూసుకో" అన్నాడు.

"లేవా?"

"లేవు."

"పెంచలకోన సామి తోడు చెప్పు."

"పెంచలకోన సామి తోడు. లేవు. దారి ఇడువు."

హుసేనయ్య మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. "సామి పేరెత్తినావు, శానా బాగుండాది. ఆ పేరు మీదనే పొర్లుదండం పెడదాం రా. ఈడనుంచి ఆ మైలురాయి దాకా. నువ్వు పెద్దోడివి, ముందు నువ్వు పొర్లు. నీ ఎనకాల్నే నేనొస్తా. ముళ్ళు లేవు గదా, నీకేం భయం?"

చేనికి పోతున్న ఆడవాళ్ళు తట్టలు దించి నిలబడ్డారు. "పొర్లు మామా, పొర్లు! సామికి మొక్కిందానికి ఎనకాడకూడదు" అని ఒకతె. "పంచె ఇప్పి పొర్లు, చినుగుతాది" అని ఇంకొకతె.

పెంచలనరసయ్య రోడ్డు వంక చూశాడు. ఉతికిన తన పంచె వంక చూసుకున్నాడు. "నాకు నడుం పట్టుకోనుండాది" అన్నాడు.

"నీకే ఉండాదా నడుం, నా టైరుకు లేదా? పొద్దుటినుంచీ అది పొర్లతానే ఉండాది, నీ ముళ్ళ మీద!"

ఆడవాళ్ళు నవ్వి నవ్వి తట్టలమీద కూలబడ్డారు. చివరకు పెంచలనరసయ్యే బండి దిగి, వేపమండ విరిచి, మైలురాయి దాకా రోడ్డు ఊడ్చాడు. హుసేనయ్య చేతులు వెనక్కి కట్టుకొని, తనిఖీకి వచ్చిన దొరలాగా, "ఈడ ఇంకోటుండాది, ఆడ వదిలిపెట్టినావు" అంటూ వెంట నడిచాడు. చొక్కా లేదన్న సంగతే మరిచిపోయాడు.

వెంగమ్మది జలదంకి. యుద్ధం రోజుల్లో రేషను బట్టల దుకాణం ముందు తోసుకునే మగవాళ్ళను నోటితోనే వరసలో నిలబెట్టిన మనిషి. ఆ పేరు విని టాకీసు యజమాని జనార్దనయ్య ఆమెను పిలిపించి పనిలో పెట్టుకున్నాడు. తన కళ్ళముందు ఇంకొకరు తగాదా గెలవడం ఆమె చూసింది ఆ రోజే. పిచ్చివాడే, కానీ చేవ ఉన్న పిచ్చి అనుకుంది. అనుకుందే గాని పైకి అనలేదు. పొగిడితే మగవాళ్ళు ఉబ్బిపోతారు, ఆ తరవాత అన్నం కూడా మనమే కలిపి పెట్టాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ముచ్చట ఇది. హుసేనయ్యది వరికుంటపాడు పక్క పల్లె. యుద్ధంలో మిలిటరీ లారీలు తోలి, అస్సాం దాకా పోయి వచ్చాడు. అక్కడినుంచి అందరూ దుప్పట్లు, బూట్లు తెచ్చుకుంటే ఇతగాడు తెచ్చుకున్నది టైర్ల భక్తి. జనార్దనయ్య మద్రాసులో మిలిటరీవాళ్ళు అమ్మేసిన జీపును, దాని వెనక తగిలించే రెండు చక్రాల పెట్టెబండిని కొనుక్కొచ్చాడు. దానికి ట్రైలరని పేరున్నా ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా అందరికీ అది తోకబండే. బొమ్మలేసే మిషను, కరెంటు ఇంజను, తెర, అన్నీ అందులోనే. డేరా మాత్రం ముందే పోయి లేచి ఉంటుంది. తోక చేరితేనే ఊరికి సినిమా చేరినట్టు.

ఆ తోకంటే హుసేనయ్యకు ప్రాణం. బండి ఆగితే చాలు, దిగి పోయి టైరు మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. తరవాత కర్రతో కొడతాడు. టంగుమంటే నవ్వుతాడు, దబ్బుమంటే మొహం మాడ్చుకుంటాడు. సామాను ఒక పక్కకు ఒరిగితే ఊరుకోడు. "ఈ పక్క బరువైతే ఈ టైరు సస్తాది, ఎనకాల బరువైతే తోక జీపును ఆడిస్తాది" అని దించినదాన్ని మళ్ళీ ఎక్కిస్తాడు. ఎండలో నిలబెడితే టైర్లకు తడిపిన గోనెపట్టా కప్పుతాడు. తన నెత్తికి మాత్రం గుడ్డ ఉండదు.

ఇంత చేసినా ముళ్ళు ముళ్ళే. పైగా తోకబండితో ఒక చిక్కుంది. జీపు టైరు పోతే స్టీరింగు లాగి చెబుతుంది. తోక టైరు పోతే తోలేవాడికి తెలియనే తెలియదు. దుత్తలూరు ఆటకు పోయేటప్పుడు అదే జరిగింది. దారిపొడుగునా జనం చేతులూపుతున్నారు. టాకీసు మీద ఎంత ప్రేమరా అని హుసేనయ్య పొంగిపోయి, మీసం దువ్వుకొని, అందరికీ సలాము పెడుతూ పోయాడు. పక్కన కూర్చున్న వెంగమ్మ కూడా దొరసాని లాగా తల ఊపింది. చివరకు గొర్రెలు కాసుకునే ముసలాయన ఒకడు కర్ర అడ్డంపెట్టి ఆపి, "నాయనా, మీ ఎనక చక్రం గుడ్డపీలికలైపోయింది, మేం అరస్తా ఉంటే నువ్వు దండాలు పెడతావేందిరా?" అన్నాడు. ఆ రాత్రి ఆట లేదు. జనం డేరా గుంజలు పీకేశారు.

అప్పుడే హుసేనయ్య ఒక మాటన్నాడు. "ఎనక్కి తిరిగి కూర్చోని తోకను చూసేవాళ్ళు ఒకరుండాల."

వెంగమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఎనక్కి తిరిగి కూర్చోని పోయేదానికి నేనేమన్నా సంతకు తోలే మేకనా? నా సీటు ముందర. నేను ముందరే కూర్చుంటా."

జనార్దనయ్య ఇంకో మాటన్నాడు. "ఇదిగో హుసేనయ్యా, ఈ తూరి ఉదయగిరిలో మొదటాటకు తెర లేవాల. లేవకపోతే తోకను అమ్మేస్తా, ఎద్దులబండ్లు పెట్టుకుంటా. జీపు నేనే తోలుకుంటా. నువ్వు మీ పల్లెకు పోయి గొర్రెలు తోలుకో. వాటికి టైర్లుండవు." అని, బస్సెక్కి ముందుగా ఉదయగిరికి పోయాడు.

నోరు మూయని హుసేనయ్య ఉదయగిరికి బయల్దేరిన పొద్దున దుత్తలూరు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దాంతో వెంగమ్మకే ఊపిరాడలేదు. "ఏందిరా, నాలుకకు పంచరా?" అని కూడా అడిగింది.

దుత్తలూరు దాటి, ఒక చెరువు పక్కన గుడిసెలు కనపడేసరికి పెట్రోలు అడుగంటింది. తోకను ఈడ్చుకుంటూ వెనక్కి పోతే దారిలోనే ఆగిపోతుంది. అందుకని తోకను విప్పి, చింతచెట్టు నీడకు తోసి, టైర్లకు తడి గోనె కప్పి, దుత్తలూరుకు ఒట్టి జీపుతో బయల్దేరాడు. పోతూపోతూ, చూడను చేరిన గుడిసెలవాళ్ళతో, "దీన్ని ఎవురూ తాకబాకండి. ఎండకు గాలి ఎక్కువైంది దీనికి. నీడన ఉంటే దానంతటదే తగ్గుతాది. నేనొచ్చి చూస్తా" అన్నాడు.

అన్నది టైర్ల గాలిని గురించి. గుడిసెలవాళ్ళకు తెలిసింది వేరే గాలి. మిట్టమధ్యాహ్నం చెరువుగట్టు మీద ఒంటరిగా పోయేవాళ్ళకు సోకే గాలి. పైగా తడిగుడ్డ కప్పి నీడన పడేశారు, తాకొద్దన్నారు. ఇంకేం కావాలి? పోలేరమ్మ అనే ముసలామె గడ్డం మీద చెయ్యేసుకొని, "అయ్యో, బండిక్కూడా సోకిందే" అని కన్నీళ్ళు పెట్టుకుంది. వెంగమ్మను లాక్కుపోయి తన గుడిసెలో కూర్చోబెట్టి, చెరువు చేపల పులుసు పెట్టింది. వెంగమ్మ ఎవరి చేతి వంటకూ వంక పెట్టకుండా తిన్న మనిషి కాదు. ఆ పులుసుకు వంక దొరకలేదు. దొరికేదాకా తిందామని మళ్ళీ పోయించుకుంది.

అంతలో బయట డప్పు మోగింది.

వెంగమ్మ ఎంగిలిచేత్తో బయటికొచ్చి చూసేసరికి తోకబండికి పసుపు పూసి ఉంది, కుంకుమబొట్లు పెట్టి ఉన్నాయి, వేపమండలు కట్టి ఉన్నాయి. గుడిసెల్లో గాలి వదిలించే పెద్దమనిషి సిద్ధయ్య, నెత్తికి గుడ్డ చుట్టుకొని, వేపమండతో కుడిపక్క టైరును వాయిస్తున్నాడు.

"ఎవురు నువ్వు? ఎవురంటా? ఏ ఊరు నీది? చెప్తావా, చెప్పవా?"

టైరు చెప్పలేదు. సిద్ధయ్య వంగి, చక్రంలోంచి ముక్కులాగా పొడుచుకొచ్చిన వాల్వు కనిపెట్టాడు. మూత తిప్పి తీసి, వేపపుల్లతో లోపల పొడిచాడు.

"స్‌స్‌స్‌స్!" అంది టైరు.

"పలికింది! సిద్ధయ్యకు పలికింది!" అని జనం ఎగిరి గంతేశారు. డప్పు జోరందుకుంది. "పో! పో! చెరువు దాటి పో!" అంటూ సిద్ధయ్య పుల్ల ఇంకా లోపలికి నొక్కాడు. టైరు బుసకొట్టుకుంటూ కిందికి కుంగిపోయింది. తోకబండి ఒక పక్కకు ఒరిగింది. "తల వాల్చింది, ఇంక నెమ్మళిస్తాది" అంది పోలేరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

సిద్ధయ్య చెమట తుడుచుకొని, "ఒకటి పోయింది. ఆ పక్క చక్రంలో దీని పెండ్లాం ఉండాది" అని రెండో టైరు వైపు నడిచాడు.

అప్పుడు వెంగమ్మ నోరు తెరిచింది.

"ఆపరా సిద్ధయ్యా!"

డప్పు ఆగింది. చెరువులో కొంగలు లేచిపోయాయి. కట్ట అవతల జీపులో వస్తున్న హుసేనయ్యకు, ఇంజను మోతలోనే, ఆ అరుపు చెవిలో సూదిలా దిగింది. బండెడు దుమ్ముతో వచ్చి దూకాడు. పసుపును చూశాడు. వేపమండలను చూశాడు. కుంగిన టైరును చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"పొద్దు వాలతా ఉండాది గదక్కా! తెర లేవకపోతే నా బతుకు గొర్రెల పాలే!"

ఏడుస్తూనే పంపు తీసి టైరుకు తగిలించాడు. సిద్ధయ్య అడ్డంపడి పంపు పట్టుకున్నాడు. "ఏందబ్బయ్యా, తీసిన గాలిని మళ్ళా ఎక్కిస్తావా? ఇంత కష్టపడి తరిమితే పిలిచి పీట ఏస్తావా? మా బిడ్డలు తిరిగే తావు ఇది, ఒప్పుకోం." గుడిసెలవాళ్ళంతా టైరు చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. హుసేనయ్య ఒట్లు పెట్టాడు, బతిమిలాడాడు, చొక్కా విప్పబోయాడు. వెంగమ్మ ఆ చొక్కా పట్టుకొని ఆపింది. ఇది చొక్కాతో గెలిచే తగాదా కాదని ఆమెకు తెలుసు.

"సిద్ధయ్యా, నువ్వు తీసింది చెడ్డగాలి. నిజమే. నా కండ్లతో చూసినా" అంది. "మరి ఖాళీగా ఉన్న ఇంట్లోకి ఇంకోటి దూరదా? మంచిగాలి నింపి మూత పెట్టాల. ఎవురు పడితే వాళ్ళు నింపితే నిలస్తాదా? పెంచలకోన సామి పేరు చెప్పి నువ్వే నింపాల. నీకు చేతగాదంటే చెప్పు, వరికుంటపాట్లో ఇంకొకాయన ఉండాడంట."

"వాడా!" అన్నాడు సిద్ధయ్య. "వాడికేం తెలుసు గాలి సంగతి? ఇటు తే పంపు."

గాలి నింపేముందు చక్రం చూసుకోవాలి గదా అని హుసేనయ్య కుంగిన టైరు చుట్టూ వేళ్ళతో తడిమాడు. తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయాడు. ఎద్దు లాడం మేకు. ఎక్కడో దారిలో ఎద్దు కాలినుంచి ఊడింది, ఏటవాలుగా రబ్బరులోకి దిగింది. తల అరిగిపోయి రబ్బరులో కలిసిపోయింది, టైరు కుంగబట్టి చేతికి తగిలింది. మొన ఇంకా ట్యూబును తాకలేదు. గాలి నిండా ఉన్న టైరుతో అలాగే పోయుంటే, ఉదయగిరి చేరేలోపలే అది లోపలికి దిగి, టైరు మళ్ళీ పీలికలయ్యేది. పట్టకారతో లాగి అరచేతిలో పెట్టుకొని చూపించాడు.

"నేను చెప్పలా, లోపల ఉండాదని?" అన్నాడు సిద్ధయ్య, జనం వైపు తిరిగి.

హుసేనయ్య జన్మలో ఓడిన మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు. "తప్పుపని చేస్తా చేస్తా పొరపాటున మంచిపని చేసినావు" అన్నాడు. అంతకన్నా పెద్ద పొగడ్త అతని నోట ఎవరూ వినలేదు.

సిద్ధయ్య పంపు అందుకున్నాడు. ఒక్కో ఊపుకూ "గోవిందా!" అన్నాడు. జనం "గోయిందా!" అన్నారు. అతను అలిసిపోతే ఇంకొకడు, వాడు అలిసిపోతే వాడి బావమరిది. పోలేరమ్మ కూడా కొంగు బిగించి ఒక ఊపు ఊపింది. తోకబండి గోవింద గోవిందమంటూ నెమ్మదిగా నడుమెత్తి నిలబడింది. హుసేనయ్య కర్రతో కొట్టాడు. టంగుమంది. మేకును సిద్ధయ్య మొలతాడుకు కట్టుకున్నాడు.

పసుపు కుంకుమలతో, వేపమండలతో తోకబండి ఉదయగిరి ఊళ్ళోకి దిగింది. దారిలో ఆడవాళ్ళు ఏ అమ్మవారో అనుకొని దండాలు పెట్టారు. చేతులూపినవాళ్ళు కనపడ్డ ప్రతిసారీ హుసేనయ్య జీపు ఆపి, దిగి పోయి, రెండు టైర్లూ చూసి మరీ ఎక్కాడు. డేరా ముందు చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డ జనార్దనయ్య పసుపు పూసిన టైరు చూసి, "ఇదేందిరా, పెండ్లి చేసినావా దీనికి?" అన్నాడు. మిషను దించారు, ఇంజను కొట్టారు, తెర లేచింది. తోకను అమ్మే మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

ఆడవాళ్ళ గేటు కాడ వెంగమ్మ ఆఖరి టిక్కెట్టు చించి, "పిల్లోడికి టిక్కెట్టు లేదంటావా, మీసాలు రాబోతా ఉండాయి గదా" అని ఒకామెను దులుపుతుంటే, హుసేనయ్య వచ్చి నిలబడ్డాడు. చొక్కా తొడుక్కొని, గుండీలు పెట్టుకొని మరీ వచ్చాడు.

"ఏందిరా?" అంది వెంగమ్మ.

"ఎంగమ్మక్కా, నువ్వు మేకవు గాదు, నాకు తెలుసు. రేపటినుంచి నువ్వు ముందర కూర్చోబాక. ఎనకసీట్లో, తోక దిక్కు తిరిగి కూర్చో. టైరు రవ్వంత కుంగినా సరే, ఈ పొద్దు సిద్ధయ్యను అరిచినావే, అట్ట అరువు. ఇంజను మోతను దాటి నా చెవిన పడే నోరు ఈ జిల్లాలో నీదొక్కటే ఉండాది."