నా ఆదివారాలు

ఆ రోజు అతనికి నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది: నా ఆదివారాలు వదులుకోవడం నాకిష్టం లేదని.

ఎనభైల మొదట్లో మేమిద్దరం నాందేడ్‌లో ఒక బట్టల మిల్లులో సూపర్‌వైజర్లం. అతను తెలంగాణ సరిహద్దున బిలోలి దగ్గరి రైతుబిడ్డ, నాకంటే చిన్నవాడు. మిల్లు వారమంతా నడిచేది. సీనియర్‌నని నాకు ఆదివారం సెలవు, అతనికి గురువారం. ఇద్దరం సంతకాలు పెడితే సెలవులు మార్చుకోవచ్చు.

ఆ ఏడు ఊళ్లోని ఒక కాలేజీ ఉద్యోగస్థుల కోసం ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. మూడేళ్లు, ఆదివారాలే తరగతులు. అతను ఫారం పట్టుకుని క్యాంటీన్‌కు వచ్చాడు.

"అన్నా, నౌకరీ ఇడువకుండనే సదువుకోవచ్చట. ఎట్లుంటది?"

"గదేం ఎం.బి.ఏ. తమ్మీ? ఆదివారం పొద్దుగాల పోయి మాపటికి సాహెబ్ అయితవా? సదివితె పుణెకు పోయి రెండేండ్లు సదువు."

"నేను పుణెకు పోతె నా పెండ్లాం పిల్లల్ని నువ్వు సాదుతవా?" అని నవ్వాడు. మళ్లీ తనే, "నీకు తెల్సినంత నాకు తెల్వదు. నువ్వే చెప్పు" అన్నాడు.

నాకు తెలిసింది ఏమీ లేదు. ఎం.బి.ఏ. చదివిన మనిషిని అప్పటికి ఒక్కణ్ణే చూశాను, మా మేనేజర్ని. మావాడి జేబులోంచి ఇంకో కాగితం తొంగిచూస్తోంది. సెలవు మార్పిడి అర్జీ. పైకి కనిపిస్తున్న చివర్లో తన సంతకం చేసి, పక్కన నా సంతకానికి చోటు వదిలాడు. నాకేమో ఆదివారమంటే మటన్ తెచ్చుకుని, తిని, సాయంత్రం దాకా పడుకోవడం. మూడేళ్లపాటు ఆ నిద్ర దక్కదనిపించింది.

"దండగ" అన్నాను. అతను ఫారం కూడా మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు. అర్జీ మాటే ఎత్తలేదు.

కొన్నేళ్లకు మా విభాగానికి అసిస్టెంట్ మేనేజర్ కావాలని నోటీసు పెట్టారు. మిల్లులో పనిచేసేవాళ్లకే మొదటి అవకాశం, ఎం.బి.ఏ. ఉండాలి, ఉద్యోగం చేస్తూ చదివినదైనా సరే అని అందులో ఉంది. మాలో ఎవరికీ లేదు. పుణెలో చదివిన కుర్రాడొకడు వచ్చి కూర్చున్నాడు. యంత్రాల సంగతంతా అతనికి నేర్పింది మావాడే.

"నువ్వన్నదే నిజమైంది అన్నా. పుణెల సదివినోనికే కుర్చీ" అన్నాడు ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా విప్పుతూ. నోటీసు అతను పూర్తిగా చదవలేదు. నేను చదివాను. అప్పుడూ నోరు మెదపలేదు.

కొన్నాళ్లకు ఆ కుర్రాడు వేరే మిల్లుకు వెళ్లిపోయి, ఇంకొకడు వచ్చాడు. వాడికీ పని నేర్పమని మావాడికే చెప్పారు. అది చూశాక ఊరుకోలేకపోయాను. గురువారం డ్యూటీ దిగాక అతని ఇంటికి వెళ్లాను. గడప దగ్గర సైకిలు చైనుకు నూనె పెడుతున్నాడు.

"ఏందన్నా, గిట్లొచ్చినవ్? కూసో" అన్నాడు.

కూర్చోలేదు.

"తమ్మీ, ఆ సదువు దండగని చెప్పింది అబద్ధం. నీ జేబుల అర్జీ నేను చూసిన. నా ఆదివారం పోతదనే అట్లన్న. నోటీసుల ఆ సదువు కూడ నడుస్తదని రాసుండె, అదీ నీకు చెప్పలే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."