తీసేసిన ఏడో అధ్యాయం

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. చందానగర్‌లో ఎక్కిన బస్సు గచ్చిబౌలి దగ్గర ఆగిపోయి ఇరవై నిమిషాలుగా కదలడం లేదు. మెయిల్ ఢిల్లీ నుంచి, ఒక లిటరరీ ఏజెంట్ దగ్గర నుంచి. రచయితల తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడి పుస్తకం వేయించే మనిషి ఆమె. నేను ఇంగ్లీషులో రాసిన మొదటి నవల ఆమెకు పంపి ఆరు నెలలైంది. జవాబు వస్తుందన్న ఆశ ఎప్పుడో వదిలేశాను.

ఇప్పుడున్న రూపంలో తీసుకోలేనని మొదటి వాక్యంలోనే చెప్పేసింది. నవలలో ముఖ్యపాత్ర ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనిచేసే ఆవిడ. ఆమె గురించి రచయిత్రి మాట్లాడుతోందే తప్ప ఆమె మాట్లాడడం లేదట. మాటిమాటికీ ఏడుస్తోందట. ఏడో అధ్యాయం మాత్రం చాలా బాగుంది, దాన్ని కదిలించొద్దు అంది. చివర్లో, తిరగరాస్తే మళ్లీ చదువుతానని రాసింది. బస్సు దిగేలోపు ఆ చివరి వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకు చూపించాను. "ఒకసారి కాదన్న మనిషికి మళ్లీ పంపుతావా?" అన్నాడు.

"మళ్లీ చదువుతానందిగా."

"మర్యాదకి అని ఉంటుందిలే," అన్నాడు. ఆ మాట పట్టుకుని వారం రోజులు నాలో నేనే వాదించుకున్నాను. తర్వాత ఫైలు తెరిచాను. అక్కడ పది వాక్యాలు, ఇక్కడ పది వాక్యాలు కొట్టేశాను. ఏడుపులు తగ్గాయి కానీ ఆవిడ నోరు మాత్రం విప్పలేదు.

ఆ పాత్ర నేను ఊహించింది కాదు. మా ఆఫీసు అంతస్తులో ఊడ్చి తుడిచే ఆవిడను, మేమంతా అక్కా అని పిలిచే మనిషిని చూసి రాసింది. నారాయణపేట వైపు నుంచి వచ్చి పుప్పాలగూడలో ఉంటోంది. భర్త ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ప్యాంట్రీలో కప్పులు కడుగుతూ తన అత్త సంగతి చెప్పింది. ముసలామెకు మతి తప్పింది. ఇంట్లోంచి వెళ్లిపోయి ఒకరోజు ఖాజాగూడ చెరువు పక్కన బండల మీద దొరికింది. అప్పటి నుంచి అక్క పనికి వచ్చేటప్పుడు గదికి బయట గొళ్లెం పెట్టి వచ్చేది. పొద్దంతా ముసలామె తలుపు కొడుతూ ఉండేదట. ఆమె పోయేదాకా ఏడు నెలలు అలాగే సాగింది. నా ఏడో అధ్యాయం అదే. రాసినట్టు అక్కకు చెప్పలేదు.

ఆవిడ మాట నాకు దొరకనప్పుడు అక్కకే చదివి వినిపిద్దామనిపించింది. ఇప్పుడు తలచుకుంటే, అనుమతి అడిగే ఉద్దేశం నాకు లేదు. నాలుగు మంచి మాటలు దొరుకుతాయనే వెళ్లాను. లంచ్ టైములో వెనక మెట్ల మీద కూర్చున్నాం. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మొదటి పేజీలోనే చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో ధీమాగా రాసుకున్న వాక్యాలు కొన్ని ఆమె ముఖం చూస్తూ తెలుగులో చెప్పలేకపోయాను. ఆమె చేతుల గురించి ఒక పేరా ఉంది. చదవకుండా దాటేశాను.

కాసేపు విని అక్క అంది, "ఏంది మేడం, గామె ఊకె ఏడుస్తది? పని కాడ ఏడ్వనీకి టైమ్ ఏడుంటది? సూపర్‌వైజర్ వస్తడు కదా."

"మరి ఏం చేస్తుంది?"

"ఏం జేస్తది. తుడుస్తది. తుడ్సుకుంట తుడ్సుకుంట తిట్టుకుంటది. నేనైతే అద్దాలు తుడిశేటప్పుడు మస్తు తిడ్త. బయటికి ఇనబడది." నవ్వింది. నేను గబగబా రాసుకున్నాను.

రోజూ లంచ్‌లో కొంత వినిపిస్తూ మూడో రోజు ఏడో అధ్యాయం మొదలుపెట్టాను. రాసేటప్పుడే పేర్లు మార్చాను, ఊరు మార్చాను. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి అక్క అన్నం గిన్నెకు మూత పెట్టేసింది.

"ఇది నా ముచ్చట."

"అవునక్కా."

"తీసెయ్ మేడం."

"పేరు మార్చాను కదక్కా. ఇంగ్లీషు పుస్తకం. మీ వాళ్లెవరూ చదవరు."

"నా బిడ్డ సదువుతది. ఇంటర్ ఇంగ్లీష్ మీడియమే. నువ్వు పుస్తకం రాస్తున్నవని దానికి నేనే చెప్పిన, మురుసుకుంట." గిన్నె సంచిలో పెట్టుకుంది. "పక్కింటామె చూస్కుంటదని ఆయనకు చెప్పిన. గొళ్లెం పెట్టిన ముచ్చట ఆయనకు ఇప్పటికీ ఎర్కలేదు. ఆ రోజు మనసు బాలేక నీకు చెప్పిన. రాయమని చెప్పలే."

ఆమె గొంతులో కోపం లేదు. లేచి పనిలోకి వెళ్లిపోయింది. నేను మెట్ల మీదే ఉండిపోయి రెండింటి మీటింగుకు ఆలస్యంగా వెళ్లాను.

ఆ తర్వాత పదిహేను రోజులు నాకు కుదురు లేదు. గొళ్లెం బదులు తాళం అని రాశాను. అత్తను తల్లిగా మార్చాను, తల్లిని మేనత్తగా మార్చాను. ఎలా మార్చినా తలుపు అవతల ఉన్నది ఆ ముసలామే. ఏజెంటు మెచ్చుకున్నది సరిగ్గా దాన్నే. బస్సులో ఉంటే తీసేయాలనిపించేది. ఆఫీసులో నా సీట్లో కూర్చుని ఫైలు తెరిస్తే ఉంచాలనిపించేది. అక్క మాత్రం ఎప్పటిలాగే నా బల్ల దగ్గరికి వచ్చి "జర కాళ్లు తియ్ మేడం" అని తుడిచి వెళ్లేది. మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు. తిడితే బాగుండుననిపించేది.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన కూరగాయలకు వెళ్లినప్పుడు ఏడో అధ్యాయం ఇరవై రెండు పేజీలూ తీసేశాను. విడిగా కాపీ కూడా ఉంచుకోలేదు, ఏజెంట్లకు పంపిన పాత మెయిళ్లు కూడా చెరిపేశాను. ఉంచుకుంటే వదలనని నాకు తెలుసు. మిగిలిన నవలను నాలుగు నెలలు తిరగరాశాను. అద్దాలు తుడుస్తూ లోలోపల తిట్టుకునే ఆడమనిషి ఇప్పుడు అందులో ఉంది. అది రాయొచ్చా అని ముందే అడిగాను. "తిట్లయితే రాస్కో," అంది అక్క.

ఏజెంటుకు మళ్లీ పంపేటప్పుడు జత చేయాల్సిన ఉత్తరం నన్ను నవలకన్నా ఎక్కువ సతాయించింది. మీరు సూచించినవి సరిచేశానని రాస్తే సగం అబద్ధం. ఏడో అధ్యాయం సంగతి చెప్పకుండా వదిలేద్దామా అని కూడా ఆలోచించాను. చివరికి, అది మరొకరి జీవితం, వారు వద్దన్నారు కాబట్టి తీసేశాను అని రెండు ముక్కల్లో రాశాను. ఒక మంగళవారం ఆఫీసు కెఫెటేరియాలో కూర్చుని పంపాను. అదే ఊపులో, మొదటిసారి జవాబే ఇవ్వని బెంగళూరు ఏజెంటుకు కూడా పంపేశాను. ఆయన వెబ్‌సైటులో, బాగా మార్చిన ప్రతి అయితే మళ్లీ పంపొచ్చని ఉంది.

ఇక ఫోను చేతిలోంచి దిగలేదు. మీటింగుల్లో బల్ల కింద చూసేదాన్ని. పప్పు పొయ్యి మీద పెట్టి చూసేదాన్ని. "కాసేపు దాన్ని అవతల పెట్టవే, అదేమన్నా పారిపోతుందా," అనేవాడు మా ఆయన.

మూడు వారాలకు ఢిల్లీ ఏజెంట్ ఫోన్ చేసింది. నేను వరండాలోకి పరుగెత్తాను. నవల ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది అంది. తర్వాత, "ఆ అధ్యాయం ఆనవాలు తెలియకుండా మార్చి పెట్టలేరా?" అని అడిగింది.

"మార్చి చూశాను. కుదరలేదండి."

"అది లేకపోతే పుస్తకం చిన్నదైపోతోంది."

"అవునండి," అన్నాను. నాకూ అలాగే అనిపిస్తోంది. వారం తర్వాత ఆమె నుంచి మెయిల్ వచ్చింది. తీసుకోలేకపోతున్నందుకు బాధగా ఉందని మర్యాదగా రాసింది. ఆ రోజు నేను అక్క ఎదురుపడకుండా లిఫ్టు వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లాను. తప్పు నాదే అయినా ఆమె మీద కోపం వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

బెంగళూరు ఏజెంటు నెలన్నరకు జవాబిచ్చాడు. నవల నచ్చింది, తీసుకుంటాను అన్నాడు. అద్దాలు తుడిచే భాగాన్ని రెండుసార్లు ప్రస్తావించాడు. పాత ప్రతి ఆయన తెరిచినట్టే లేదు. కొత్త ప్రతిలో ఏం లేదో ఆయనకు తెలియదు.

ఒప్పందం మీద సంతకం పెట్టిన మర్నాడు అక్కకు చెప్పాను. చీపురు పక్కన ఆనించి, "మంచిగైంది. ఇగ ఫికర్ లేదు కదా నీకు," అంది. లేదన్నాను. సీటుకు వచ్చి నవల ఫైలు తెరిచి, ఆరో అధ్యాయం చివరిదాకా వెళ్లి, మళ్లీ మూసి, నీళ్లు తాగడానికి లేచాను.