గట్టిమేళానికి బొంతలు కప్పిన రోజులు

నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఇంత పొడుగున రాయడం ఇదే మొదలు. ఒత్తులు, దీర్ఘాలు తారుమారైతే నవ్వుకోండి, చదవడం మాత్రం ఆపకండి. నాకు చాలా కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

మొన్న పెనుకొండలో ఒక పెళ్ళికి వెళ్ళాను. తాళి కట్టే వేళకు పంతులు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. ఎవరో సెల్‌ఫోన్ నొక్కారు. స్పీకర్ పెట్టెల్లోంచి డోలు మోగింది. మనుషులు అక్కర్లేదు, చప్పుడు ఉంటే చాలు! గంగమ్మ చిన్నమ్మ గుర్తొచ్చి నాకు అన్నం సహించలేదు.

ధర్మవరంలో మా అత్తగారింటి పక్క ఇల్లు ఆమెది. చుట్టం కాదు, వరస కలిపి పిలిచేదాన్ని. వాళ్ళ నాయన నేర్పిన డోలుతో పెళ్ళిళ్ళకు పోయి బతికేది. నేను పట్టునూలు చుట్టే పనిలో ఉండేదాన్ని. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక సిగ్గుపడుతూ అడిగాను, నాకూ నేర్పుతావా అని.

"చేతులుండాయి కదమ్మీ, ఇంకేం కావల్ల?" అంది.

మేం సాధన మొదలుపెట్టిన కొన్నాళ్ళకే వీధి పెద్ద నారాయణప్ప వచ్చాడు. "ఏం గంగమ్మా, దినామూ ఈ గోలేంది? పెండ్లిండ్లలో కొట్టుకో, ఇంట్లో యాల?"

"ఇంట్లో కొట్టకపోతే పెండ్లిలో చెయ్యి యెట్ల ఆడల్లప్పా?"

"అదంతా నాకు తెల్దు. ఇంకోతూరి వీధిలోకి ఇనపడితే, ఈ పక్క పెండ్లిండ్లకు నిన్ను ఎవురూ పిలవరు. చూసుకో."

మా వీధిలో తెల్లారితే మగ్గాల మోత. వినాయక చవితి స్పీకర్లకు అటక మీద గిన్నెలు అదురుతాయి. అవేవీ గోల కాదట! చిన్నమ్మ కూడే ఆ డోలు. చేసేది లేక ఆమె ఇంటి నేల కింద ఉన్న గదిలోకి దిగాం.

శబ్దం ఆగుతుందని ఎవరో చెబితే గుడ్ల అంగడిలో పారేసే అట్టలు తెచ్చి గోడలకు అంటించాం. నేను వీధిలో నిలబడ్డాను. "ఇనపడతాందా?" అని లోపల్నుంచి కేక. "దండిగా ఇనపడతాంది చిన్నమ్మా!"

"థూ, ఇవి గుడ్లకే గానీ డోలుకు పనికిరావు."

తర్వాత పైనున్న చిన్న కిటికీకి ఇసక మూటలు అడ్డం పెట్టాం. పాత సైకిల్ ట్యూబులు కోసి తలుపు సందుల చుట్టూ మేకులతో బిగించాం. ఇల్లిల్లూ తిరిగి పాత బొంతలు అడిగి తెచ్చి నాలుగు గోడలకూ వేలాడదీశాం. గాలి పోయే సందు లేకుండా పోయింది. వీధిలోకి చప్పుడు చాలావరకు ఆగింది. గెలిచామనుకున్నాను.

కానీ లోపల ఊపిరాడదు. మా చెమటకు, ఆవిరికి గది చెమ్మెక్కేది. డోలు చర్మం మెత్తబడి, టంగుమనాల్సింది దబ్బుమనేది. ఎండలో పెట్టి తెచ్చినా కాసేపటికి మళ్ళీ అంతే. చిన్నమ్మ దాన్ని నిమిరి, "వాళ్ళ చెవులకు అడ్డం పెడదామని దీని నోరు మూసినామే" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూసింది అప్పుడే.

అంతలో నారాయణప్పే తాంబూలంతో వచ్చాడు. కూతురి పెళ్ళి. "గట్టిమేళం అదిరిపోవల్ల గంగమ్మా. తాళి కట్టేటప్పుడు ఎవురన్నా తుమ్మినా ఇనపడకూడదు."

"కిందికి రాప్పా, ఆడ తీసుకుంటా."

ఆయన దిగాక తలుపు వేసి చిన్నమ్మ వాయించింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుంటూ, "ఏందమ్మా, సచ్చిన గొడ్డు మాదిరి మోగుతాంది?" అన్నాడు.

"నువ్వు కోరిన శబ్దమే అప్పా. నీ కూతురు పెండ్లికీ ఇట్లనే కొడతా. కాదంటే, ఈ పొద్దునుంచి తలుపు తెరిచి కొడతాం. ఒప్పుకుంటే ఆ బొంత నువ్వే తియ్యి."

తాంబూలం ఆయన మొహాన కొట్టాలని నాకు చేతులు దురదపెట్టాయి. ఆయన అటూ ఇటూ చూసి, రెండు వేళ్ళతో ఒక్కటంటే ఒక్క బొంత లాగాడు. తప్పయిందని అనలేదు. మిగతావన్నీ మేమే తీసి, ఉతికి, ఎవరివి వాళ్ళకిచ్చాం. పెళ్ళిలో చిన్నమ్మ గట్టిమేళం అదిరిపోయింది. ఆ తర్వాత మా సాధన గోలని వేరేవాళ్ళు సణిగారు. చిన్నమ్మ తలుపు మాత్రం మళ్ళీ వేయలేదు.

ఆమె ఇప్పుడు లేదు. నేను హిందూపురంలో అద్దె ఇంట్లో ఉన్నాను. ఇంటామె, "డోలు ఎవురికీ ఇనపడకుండా కొట్టుకుంటావా?" అని అడిగింది. "ఇనపడతాదమ్మా. పిల్లోళ్ళ పరీచ్చలుంటే చెప్పు, ఆ పూట ఆపుతా. దాక్కోని మాత్రం కొట్టను" అన్నాను. ఆ మాట ఆమె కళ్ళలోకి చూసే అన్నాను. చిన్నమ్మ నాకిచ్చింది ఆ ధైర్యమే.

ఇందులో అక్షరాలు తప్పుంటే పెద్ద మనసుతో మన్నించండి. నా కోపంలో మాత్రం తప్పు లేదు.