లిఫ్టులో అంటించిన నంబరు

మా భవనంలో లిఫ్టు తలుపు మూసుకోగానే కళ్లెదురుగా ఒక పసుపు కాగితం కనబడేది. "ఇరుక్కుపోతే కంగారు పడకండి. తలుపులు లాగకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." కింద పది అంకెలు. ఏళ్ల తరబడి చూసి చూసి ఆ అంకెలు నాకు నోటికొచ్చేశాయి. నా సొంత నంబరు అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను గాని, అది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ నంబరు మోగేది ఆరో అంతస్తులో ఉండే లిఫ్టు మెకానిక్ జేబులో. అందరూ అతన్ని లిఫ్టాయన అనేవారు. బక్కపలచని మనిషి. లిఫ్టెక్కితే ఎవరితోనూ మాట్లాడడు. అరచెయ్యి లిఫ్టు పెట్టె గోడకు ఆనించి, తల ఓ పక్కకు వంచి వింటాడు. "ఏం చెప్తోందోయ్?" అని అడిగితే, "మోకాళ్ల నొప్పులట మాస్టారూ, నూనె పెట్టాలి" అనేవాడు. నేను బడిలో పాఠం చెప్పిన పాపాన పోలేదు. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉంటుందని అతను పెట్టిన పేరది.

అసలు ఆ నంబరు అతనిది కాదు, పని నేర్పిన గురువుది. ఆ గురువు ఒక మధ్యాహ్నం మెయిన్ స్విచ్చి తీసేసి, లిఫ్టు కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఆ పెట్టెలోకి జనరేటర్ నుంచి ఇంకో లైను ఉంది. దాన్ని ఎవరో ఎప్పుడో కత్తిరించి లోపలే వదిలేశారు. కరెంటు పోయిందనుకుని కింద ఎవరో జనరేటర్ వేశారు. అంతే. పదమూడో రోజు అయ్యాక గురువుగారి భార్య ఈ శిష్యుణ్ణి పిలిచి, "ఫోన్ మోగుతూనే ఉంది నాయనా, ఎవరెవరో ఇరుక్కున్నామంటున్నారు. నువ్వు తీసుకుపో" అని ఇచ్చేసింది. అప్పటి నుంచి నంబరు ఇతని దగ్గర. ఫోన్ కంపెనీ లెక్కల్లో మాత్రం అది పోయినాయన పేరు మీదే ఉండిపోయింది.

అప్పటి నుంచే అతనికొక నియమం. కొత్త లైను బిగించే ముందు పాతది విప్పి బయట పారేయాలి. "ఒక పెట్టెలో రెండు లైన్లు ఉండకూడదు మాస్టారూ. లోపల వదిలేసిన తీగ ఉందే, అది చచ్చినట్టు నటిస్తుంది" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే మా తలుపు కొట్టాడు.

"ఖాళీయేనా మాస్టారూ?"

"ఖాళీ కాక నాకేం పని. రా."

"పది రోజులు పరాయిదేశం పోతున్నా. కొత్త రకం లిఫ్టులట. కంపెనీవాళ్లే పిలిపించి నేర్పిస్తారట."

"అయితే మళ్లీ బడికన్నమాట."

"ఈ వయసులో బెంచీ ఎక్కించకపోతే అదే పదివేలు."

వెనకాలే అతని భార్య వచ్చింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. దారాల నూగు పీల్చి పీల్చి ఆవిడకు ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే చాలు, పిల్లనగోవి ఊదినట్టు ఊపిరి.

"అక్కడికెళ్లాక ఈయన నంబరు మోగుతుందా లేదా, మీరే తేల్చండి మాస్టారుగారూ" అంది. "నేనడిగితే గంగిరెద్దులా తలూపుతాడు."

"మోగుతుందే బాబూ! మోగకపోతే నేనెందుకు పోతాను?" అని అతను నావైపు తిరిగాడు. "మార్కెట్టు దగ్గరి మెకానిక్కుకు చెప్పి ఉంచా. ఫోన్ నాకొస్తుంది, ఎక్కడో కనుక్కుని అతన్ని పంపిస్తా. యాభై మూడు లిఫ్టుల్లో పది రోజుల కోసం కాగితాలు మార్చలేను కదా."

ఆవిడ పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చానని వెళ్లిపోయింది. మేమిద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. విదేశంలో ఇంటర్నెట్ కోసం ఈ-సిమ్ అని ఒకటుందట, కార్డు అక్కర్లేకుండా ఫోన్లోకే దిగుతుందట, దాన్ని ఎంచుకోవాలి. "మీరు చదవండి, నాకు బొమ్మలుంటేనే బుర్రకెక్కుతుంది" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

మొదటిది ఒక్క దేశానికే పనికొస్తుంది. దారిలో విమానం మారేచోట నాలుగు గంటలు మూగబోతుంది. వద్దన్నాడు. రెండోది రోజుకింతని ఇచ్చి, అది దాటితే నత్తనడక. అదీ వద్దన్నాడు. మూడోది ఆ చుట్టుపక్కల దేశాలన్నిటికీ, పదిహేను రోజులు.

"ఎవరి టవర్ల మీద నడుస్తుందో రాశాడా?"

వెతికితే అడుగున దొరికింది. చెప్పాను.

"అదీ. పెట్టె ఎంత మెరిసినా తాడు ఎవరిదో చూడాలి మాస్టారూ."

చిన్న అక్షరాలు నేను వదిలిపెట్టే రకం కాదు. పైకే చదివాను. ఇది ఇంటర్నెట్‌కు మాత్రమే. దీనికి నంబరంటూ ఉండదు. మామూలు ఫోన్ కాల్స్ కావాలంటే మీ పాత లైను అలాగే ఉంచుకోండి, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి.

అతను కుర్చీలో కదిలాడు. "ఒకే పెట్టెలో రెండు లైన్లా?"

"ఉంచమంటున్నారు మరి."

"ఊఁ" అన్నాడు.

ఆ ఊఁ ఒప్పుకోలు అనుకున్నాను. ఆవిడ అక్కడ ఉండుంటే కాదని చెప్పేది.

అక్కడికి దిగాక ఇంటర్నెట్ ఉండదు కాబట్టి కొత్త లైను మా ఇంట్లోనే ఫోన్లోకి దించుకున్నాడు. పాత నంబరు కూడా ఈ-సిమ్మే. కిందటేడు ఫోన్లో కార్డు పెట్టే అర సరిగ్గా పట్టకపోతే, ఆ నంబరు నుంచే మెసేజీ పెట్టి అలా మార్చుకున్నాడు. విప్పి పర్సులో దాచుకోవడానికి ముక్కంటూ లేదు. అప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

మూడో రోజు ఆవిడ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తెర మీద అతను, వెనక తెల్లటి గోడ. మొహం విప్పారి ఉంది.

"మాస్టారూ, మీరు ఎంచిన లైను గుర్రంలా పరిగెడుతోంది! ఇంకో మాట, వచ్చిన దగ్గర్నుంచి ఒక్క ఫోనూ లేదు. నేను లేనని తెలిసి నా లిఫ్టులు బుద్ధిగా ఉన్నాయి."

"మా అత్తయ్య పోయాక మా మామయ్య బుద్ధిగా ఉన్నట్టు" అంది భార్య. ముగ్గురం నవ్వాం.

వాళ్లు పెట్టేశాక నాకా మాట మింగుడు పడలేదు. యాభై మూడు లిఫ్టులు, మూడు రోజులు, ఒక్క ఫోనూ లేదు. వానాకాలంలో చెరువు గట్టు మీద నిలబడితే ఒక్క కప్పా అరవనట్టుంది. నంబరు నాకు నోటికొచ్చు. ఒక్కసారి నొక్కి చూస్తే తేలిపోయేది. పుస్తకం మధ్యలో ఉంది, రేపు చూద్దామనుకున్నాను. రేపూ అదే అనుకున్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం మూడింటికి మా మూడో అంతస్తులో లిఫ్టెక్కితే లోపల ఆవిడ ఉంది. మందుల దుకాణం నుంచి వస్తోందట. "పీల్చే మందు అయిపోయింది మాస్టారుగారూ. వాడి దగ్గరా లేదట, సాయంత్రం తెప్పిస్తానన్నాడు." నేను పైన వాటాలో ఒకరికి పుస్తకం తిరిగివ్వడానికి వెళ్తున్నాను. తలుపు మూసుకుంది. మనిషెత్తు కూడా లేచిందో లేదో, కిందెక్కడో టప్‌మని చప్పుడైంది. దీపం పోయింది. పెట్టె ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

"ఏం ఫర్వాలేదు" అంది ఆవిడ, నాకే ధైర్యం చెప్తూ. ఫోన్ వెలుగులో పసుపు కాగితం కనబడింది. కాగితం చూడనక్కర్లేదు, మొగుడి నంబరు. నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"మీరు ఫోన్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు."

మళ్లీ చేసింది. అదే గొంతు, అదే మర్యాద.

"మెసేజీ పెట్టమ్మా."

"పెట్టాను. తిరుగుతూనే ఉంది. పెట్టెలోకి ఇంటర్నెట్టు రాదు మాస్టారుగారూ, మామూలు ఫోనే ఒక్క గీత వస్తుంది. అందుకేగా నంబరు అంటించింది."

నా ఫోన్ ఇంట్లో బల్ల మీద ఉంది. గంట మీట నొక్కాను. నీరసంగా రెండుసార్లు మోగి ఆగింది. "వాచ్‌మన్‌కి చెయ్యమ్మా" అన్నాను.

"ఈయన తనకే చెయ్యమన్నాడు. వేరేవాళ్లొస్తే తలుపులు లాగుతారు." మళ్లీ నొక్కింది. ఆ గొంతు మళ్లీ అదే మాట చెప్పింది. ఆవిడ ఊపిరి మొదట పిల్లనగోవిలా ఉంది, తర్వాత రంపంలా అయింది. మాట మాటకూ మధ్య ఎడం పెరిగింది. చీకట్లో నాకు వినబడుతున్నవి ఆ రెండే, ఆ రంపమూ, అందుబాటులో లేదనే ఆ గొంతూ. ఎంతసేపో తెలీదు. అరగంట దాటిందని తర్వాత చెప్పారు. ఎక్కడో టక్‌మన్నప్పుడల్లా పైన తాడు గుర్తొచ్చేది.

చివరికి మా అరుపులు విని వాచ్‌మన్ గడ్డపార పట్టుకొచ్చాడు. మూడో అంతస్తు తలుపు వంచి తెరిచాడు. మా మోకాళ్ల కింద వెలుగు పడింది, చల్లగాలి వచ్చింది. పెట్టె అడుగు అతని గుండెల ఎత్తులో ఉంది.

"కూర్చుని కిందికి జారండి మాస్టారుగారూ, నేను పట్టుకుంటా! అమ్మగారూ, మీరే ముందు రండి."

ఆ గాలికి నేను వంగాను కూడా. ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు... కింద... గొయ్యి."

చూశాను. పెట్టె అడుక్కీ, అతను నిలబడ్డ గచ్చుకీ మధ్య నల్లటి నోరు. జారితే అతని చేతుల్లో పడినా పడొచ్చు, అందులోకైనా పడొచ్చు.

"నీ ఫోన్లో..." అంది ఆవిడ, "ఇంటర్నెట్లో... ఆయనకి చెయ్యి."

వాచ్‌మన్ చేస్తే రెండోసారి మోగగానే ఎత్తాడు. స్పీకర్లో స్పష్టంగా వినబడింది. "ఏంటోయ్, ఇవాళ గుర్తొచ్చానా?"

"మీ ఆవిడ, మాస్టారుగారు లిఫ్టులో ఇరుక్కున్నారు సార్. ఆవిడకి ఊపిరాడట్లేదు."

"నాకెందుకు చెయ్యలేదు?" అని కేకేశాడు.

"పదకొండు... సార్లు... చేశాను" అంది ఆవిడ.

అవతలి నుంచి వచ్చింది పని చేసేటప్పటి గొంతు. ఆ వంచిన తలుపు దగ్గర ఎవరినైనా కాపలా పెట్టి పైకి వెళ్లు. మోటారు గదిలో ఎడమచేతి స్విచ్చి తియ్యి. పక్కన ఎర్రది, జనరేటర్ లైను, అదీ తియ్యి. "రెండూ తీశానని నోటితో చెప్పు. మళ్లీ చెప్పు." తర్వాత బ్రేకు మీట, కొంచెం కొంచెంగా, వేలెడు దిగగానే ఆపు. అలా వేలెడు వేలెడు దించి మమ్మల్ని గచ్చు మీదికి తెచ్చాడు. ఆవిడ పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి. ఆస్పత్రిలో నాలుగు రోజులుంది. బతికింది.

అతను పని మానుకుని వచ్చేశాడు. మా ఇంటికి వచ్చి కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. విమానం దిగగానే ఫోన్లో రెండు లైన్లు కనబడ్డాయట. చూస్తుంటే వీపు మీద చీమలు పాకినట్టయిందట. పాతది తీసేశాడు. తిరిగి రాదు, తీసేయమంటారా అని ఫోన్ రెండుసార్లు అడిగిందట. "రెండుసార్లూ అవుననే నొక్కాను మాస్టారూ. ఇంటర్నెట్టులో అందరూ దొరుకుతారు కదా అనుకున్నా. పెట్టెలోకి ఇంటర్నెట్టు రాదని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే."

నంబరు తిరిగి తెచ్చుకుందామని ఫోన్ ఆఫీసుకు వెళ్లాడు. ఎవరి పేరు మీద ఉందో ఆయన్ని రమ్మన్నారు. ఆయన రాలేడన్నాడు. అయితే ఆయన చేత ఉత్తరం రాయించుకు రమ్మన్నారు. గురువుగారి భార్య కూడా పోయి మూడేళ్లయింది. వారసులంటూ ఎవరూ లేరు.

యాభై మూడు లిఫ్టుల్లోనూ కొత్త కాగితాలు అంటించాడు. అయిదు రోజులు సరిపోయాయి. కాని గురువు తన చేత్తో అంటించినవి ఎన్నో, ఎక్కడో, ఆ లెక్క గురువుతోనే పోయింది. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ముక్కూమొహం తెలియని భవనం నుంచి ఫోన్ వస్తుండేది. ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్లొచ్చేవాడు. ఇప్పుడా పిలుపు ఎక్కడికి పోతోందో తెలీదు. కొత్త వీధిలో ఏ భవనం కనబడినా లోపలికి వెళ్లి, లిఫ్టు తలుపు తెరిపించి, గోడ చూసి వస్తాడు. పిచ్చివాడనుకుని రెండుచోట్ల గెంటేశారు.

ఆవిడ మళ్లీ లిఫ్టెక్కలేదు. ఆరంతస్తుల మెట్లూ ఒక్క ఊపున ఎక్కలేదు కాబట్టి మూడో అంతస్తులో, మా గుమ్మం పక్కన ఒక కుర్చీ వేయించాడు. ఆవిడ అక్కడ కూర్చుని అలుపు తీర్చుకుంటుంది. తలుపుకు ఇటువైపు నుంచి నాకు ఆ రంపం వినబడుతుంది. చిన్న అక్షరాలు చదివి వినిపించినవాణ్ణి, మూడో రోజు ఒక్కసారి నంబరు నొక్కి చూడనివాణ్ణి.

రోజూ పొద్దున్న పనికి వెళ్లే ముందు అతను ఆ కుర్చీ దగ్గరే ఆగి, తన కొత్త ఫోన్‌తో పాత నంబరుకు చేసేవాడు. స్పీకర్లో అదే గొంతు, అదే మర్యాద. అలా ఏడు నెలలు.

మొన్న సోమవారం మోగింది.

ఎవరో అమ్మాయి ఎత్తింది. "ఎవరండీ?"

నేను గుమ్మంలో ఉన్నాను. అతను ఫోన్ నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. "అమ్మా, ఈ నంబరు నీకిచ్చారా?"

"అవును, నిన్న సాయంత్రమే. మీరెవరు?"

"నేనెవరైతేనేం తల్లీ. ఎవరైనా ఫోన్ చేసి, చీకట్లో ఉన్నాం, ఇరుక్కుపోయామంటే పెట్టెయ్యకు. ఎక్కడో అడిగి నాకు చెప్పు. నా నంబరు రాసుకో..."

"పొద్దున్నే ఏం వేషాలండీ ఇవి?" అని పెట్టేసింది.

మళ్లీ చేశాడు. మోగలేదు. మంగళవారం కూడా మోగలేదు. అతని నంబరును ఆ అమ్మాయి బ్లాక్ చేసినట్టుంది. నిన్న నా ఫోన్ అడిగి తీసుకుని చేశాడు. అమ్మాయి ఎత్తింది, అతని గొంతు గుర్తుపట్టింది. ఇప్పుడు నా నంబరు నుంచి కూడా మోగదు.