శిక్షణ తరగతికి వచ్చిన ఉప్పునీళ్లు

పేపర్లో ఇంగ్లిష్ బాగుపడాలని నాకూ ఉంది. గుడివాడ నుంచి రోజూ బస్సులో బందరు వచ్చి, ఇంగ్లిష్ పేపరు డెస్కులో కూర్చుని, మన విలేకరులు పంపే వాక్యాలు దిద్దేది నేనే. కానీ ఆ రోజు శిక్షణ తరగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తప్పులు ఎక్కువైపోయాయని పైనుంచి చీవాట్లు వచ్చాయి. దాంతో మా డెస్కు చీఫ్, విలేకరులందర్నీ పిలిచి, పాఠం చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒకాయన్ని రప్పించాడు. కోడూరు విలేకరి రెండు బస్సులు మారి వచ్చారు. వ్యవసాయం చేసుకుంటూ వార్తలు రాసే మనిషి. పొద్దున్నే చీఫ్‌కి ఫోన్లో ఒక వార్త పంపారు. వాళ్ల ఊరి మురుగు కాలువ చివర, సముద్రపు పోటును ఆపే లాకు తలుపు విరిగింది. అప్పుడే ఊడ్పులైన చేలల్లోకి ఉప్పునీళ్లు ఎక్కుతున్నాయి. అందులో ఆయన చేనూ ఉంది.

"తెలుగు పేపర్లలో వచ్చింది కదండీ?" అన్నాను.

"వచ్చిందండీ, ఏం లాభం? కాలువలు చూసే, కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు గారికి తెలుగు రాదండీ. పొద్దున్నే మన పేపరే చూస్తారంట. ఇది పడితే తలుపు పెట్టిస్తారండీ మేడమ్, చేలు దక్కుతాయి."

"మంచి శాంపిల్ దొరికింది!" అంటూ చీఫ్ ఆ వార్తను తెర మీదకు ఎక్కించాడు. మొదటి వాక్యానికే వెనక కుర్చీల్లో కిసుక్కున నవ్వారు. ఒకరు క్రియ మార్చారు, ఒకరు కామా పెట్టారు, ఇంకొకరు ఆ కామా తీసేశారు. కోడూరాయన కుక్కిన పేనల్లే కూర్చున్నారు. భోజనాల దాకా దిద్దారు గానీ, నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

"సార్, ఇది ఇవాళే వేయాల్సిన వార్తండీ. దిద్దడం కూడా అయిపోయింది, పేజీకి పంపేద్దాం" అన్నాను.

"శాంపిల్‌ని ఎవరైనా వేస్తారా అమ్మా? సాయంత్రం చూద్దాం."

సాయంత్రం శాలువాలు, గ్రూప్ ఫొటో. మర్నాడు మా పేజీలో పడింది శిక్షణ తరగతి వార్త. ఒక్క తప్పు లేదు! మళ్లీ అడిగితే, "అది నిన్న అందరూ చూసేశారు కదమ్మా" అన్నాడు. ఛీ! ఎవరు చూశారు? మేం చూశాం. చూడాల్సినాయన చూడలేదు. వేయమని వారం పొడుగునా పోట్లాడాను, పేజీ మాత్రం చీఫ్ చేతిలోది.

కొన్నాళ్లకు ఆ పాఠాలన్నీ నున్నటి కాగితం మీద పుస్తకంగా వేసి అన్ని మండలాల విలేకరులకూ పంపారు. తొలి పేజీలో ఎడమ పక్క కోడూరాయన రాసింది, కుడి పక్క మేం దిద్దింది. అది అందిన మధ్యాహ్నమే ఆయన ఫోన్ చేశారు.

"పుస్తకం అందిందండీ. చాలా బాగా దిద్దారండీ."

"చేను ఎలా ఉందండీ?" అన్నాను.

"ఎర్రబారిపోయిందండీ. మళ్లీ ఊడుద్దామంటే నారు లేదు. మేడమ్, ఒక్క మాటండీ. ఈ పుస్తకం ఆ ఆఫీసరు గారికి కూడా పంపుతారాండీ?"